ఒక పట్టిక, రెండు భాషలు

కంప్యూటరుపై బొమ్మలను దిద్దుటకు ఉపకరించు ‘జింప్’ను మన విద్యార్థులలో చాలమంది మౌసుతోనే వాడుచున్నారు. అందులో ‘కన్సోల్’ అను చిన్న కిటికీ కలదనియు, ఒక ఆజ్ఞ వ్రాసి ఎంటర్ మీట నొక్కినంతనే ఆ పని జరిగి ఫలితము క్రిందనే కనబడుననియు ఎరిగినవారు తక్కువ. నిజమునకు అట్టి కిటికీలు అందులో రెండు కలవు. ఒకటి స్కీమ్ భాషను, వేరొకటి పైథాన్ భాషను గ్రహించును. ఒకే ఉపకరణమునకు రెండు భాషలేల? ఇది అనవసరపు ఆడంబరమని కొందరు మిత్రులు మాతో వాదించిరి. మేము వారితో ఏకీభవింపలేము.

జింప్‌ను 1995లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున ఇద్దరు విద్యార్థులు ఆరంభించిరి (విద్యార్థులని మన పాఠకులు గమనింతురు గాక!). ఈ ఉపకరణము తాను చేయగల పనులను ఒక పట్టికగా ఉంచుకొనును. ప్రతి పనికి ఒక పేరు, దానికి ఈయవలసిన వివరములు అందుండును: ఏ బొమ్మ, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు. ఏ భాషలో వ్రాసినను చివరకు పిలువబడునది ఈ పట్టికలోని పనియే. బొమ్మ పరిమాణమును మార్చు పనికి ‘జింప్-ఇమేజ్-స్కేల్’ అని పేరు. 2.10 వరకు పైథాన్‌లో దీనినే అడ్డుగీతలకు బదులు అడుగుగీతలు పెట్టి వ్రాయవలసి యుండెను. ఏలయన పైథాన్ అడ్డుగీతను తీసివేత గుర్తుగా గ్రహించును. స్కీమ్‌లోనైతే రెండును మూడును కూడుటకు ముందు కూడిక గుర్తు, పిదప అంకెలు వ్రాయవలెను. క్రియను వాక్యాంతమున నిలుపు మనకు ఇది తలక్రిందుల వ్యాకరణమే! అయినను ఒకరికి కుండలీకరణములు సుకరము, వేరొకరికి పైథాన్ సుకరము. ఇన్నూరు ఫొటోలను ఒకే కొలతకు తేవలసినపుడు ఇరువురును నాలుగైదు పంక్తులతో పని ముగింతురు.

ఈ వివాదము క్రొత్తది కాదు. 1994లో రిచర్డ్ స్టాల్మన్ టికిల్ భాషను వాడవలదని బహిరంగముగా వ్రాయగా పెద్ద చర్చ చెలరేగినది. స్కీమ్‌ను ఆధారముగా నుంచి, ఇతర భాషలను దానిలోనికి అనువదించి నడుపవలెనని ఆయన పక్షము. ఆ సంకల్పము గొప్పదే కాని, మా దృష్టిలో జింప్ అనుసరించిన మార్గమే సులభతరము. భాషలను ఒకదానిలోనికొకటి అనువదింపనక్కరలేదు. అన్నిటికి పనుల పట్టిక ఒక్కటైన చాలును.

దీని విలువ 2020లో తెలియవచ్చినది. ఆ యేడు జనవరి 1తో పైథాన్ రెండవ తరమునకు పోషణ ముగిసినది. జింప్ 2.10 ఆ తరముపైననే ఆధారపడి యుండుటచే, కొన్ని లినక్స్ పంపిణీలలో దాని పైథాన్ కిటికీ మాయమైనది. స్కీమ్ కిటికీ మాత్రము యథాప్రకారము పనిచేసినది. పైథాన్ మూడవ తరముతో జింప్ 3.0 వెలువడుటకు 2025 మార్చి వరకు వేచియుండవలసి వచ్చెను. నడుమ ఐదేండ్లు!

రెండు భాషలుండుట ఉచితముగా లభించు సౌకర్యమని మేమనము. ప్రతి భాషను కనిపెట్టుకొని యుండుటకు మనుష్యులు కావలెను. పట్టికయే మారినచో ఏ భాషయు రక్షింపజాలదు. 3.0లో పట్టికయందు కొన్ని మార్పులు జరిగినందున పాత స్కీమ్ పాఠములను సైతము దిద్దుకొనవలసి వచ్చినది. పోషకులు లేని అయిదు భాషలకంటె, చక్కగా సాకబడు రెండు మేలు.

కళాశాల సంఘమువారికి మా విన్నపమొకటి. కంప్యూటరు ప్రయోగశాలలో వారమునకొక గంట ఈ రెండు కిటికీలకును కేటాయింపవలెను. విద్యార్థి తాను వ్రాసిన ప్రతి పాఠమునకు పైన, ఏ పని, ఏ వరుసలో, ఏ కొలతలతో చేయవలెనో తెలుగులో గాని ఉర్దూలో గాని నాలుగు వాక్యములు వ్రాసి ఒక నోటుబుక్కున భద్రపరచవలెను. మరుసటి యేడు వచ్చువారు దానిని స్కీమ్‌లో తిరిగి వ్రాయుదురో, పైథాన్‌లో వ్రాయుదురో, అది వారి యిష్టము.