ఆఖరి తేదీ పిల్లలకేనా?



గత నెల బడి తెరిచిన వారంలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్‌లో ఒక చిన్న పని ఇచ్చాను. "మీ ఇంట్లో ఈ ఏడాది మరచిపోకూడని తేదీలు ఐదు రాసుకుని రండి" అన్నాను. కరెంటు బిల్లు, చిట్టీ, బంగారం లోను రెన్యువల్, బీమా ప్రీమియం, మన స్కూలు టర్మ్ ఫీజు రాసుకొచ్చారు. గట్టు వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలు కొందరు విత్తన పత్తిలో క్రాసింగ్ మొదలయ్యే రోజు కూడా రాశారు. క్లాసు మొత్తంలో పన్ను తేదీ రాసింది ఒక్కడే. "ప్రతి నెల 20, జీఎస్టీ. ఆ రోజు నాన్నను ఏమీ అడగకూడదు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ కాగితాలు దిద్దుతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది.

మాది గట్టు. మా నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. దాంతోపాటు కొన్నేళ్లు విత్తన పత్తిలో కమీషన్ పని చూశారు. ఏనాడూ ఐటీ రిటర్ను వేయలేదు. "పన్ను కట్టేంత సంపాదన మనకెక్కడిదమ్మా, ఆ కాగితాలెందుకు?" అనేవారు. 2021 చివర్లో చెల్లికి సీటొచ్చింది. విద్యా రుణానికి వెళితే బ్యాంకులో నాన్నగారివి రెండేళ్ల రిటర్నులు అడిగారు. ఆ ఏడాదిది వేయగలిగాం. అంతకు ముందు ఏడాది గడువు అప్పటికే దాటిపోయింది. అప్పుడు 26ఏఎస్ తీసి చూస్తే ఆ ఏడాదే నాన్న కమీషన్‌లోంచి తొమ్మిది వేలు టీడీఎస్ కట్టయి ఉంది. పన్ను పడని మనిషి దగ్గర కోసిన డబ్బు అది. రిటర్ను వేసి ఉంటే వెనక్కి వచ్చేది. డబ్బు పోయింది, లోను ఆలస్యమైంది. సీటు ఫీజుకు అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి.

ఇందులో బ్యాంకు తప్పు లేదు, ప్రభుత్వం తప్పు లేదు. మా ఇంటి క్యాలెండర్‌లో ఒక తేదీ లేదు, అంతే.

అందుకే నా అభిప్రాయం ఇది. పన్ను గడువు ఆడిటర్ గారి పని కాదు, ఇంటి పని. అది ఆడిటర్ గారి ఫైల్లో ఉంటే చాలదు, పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే ఉండాలి. హోంవర్క్ ఒక రోజు ఆలస్యమైతే మేం డైరీలో రాసి మీ సంతకం అడుగుతాం. అదే క్రమశిక్షణ పెద్దవాళ్లకూ వర్తించాలి కదా.

మీలో చాలామంది నాతో అనే మాటలు మూడున్నాయి.

మొదటిది: "పన్నెండు లక్షల దాకా పన్ను లేదన్నారుగా, ఇంక రిటర్ను దేనికి?" ఆ పన్నెండు లక్షల వెసులుబాటు 2025 ఏప్రిల్ 1 తర్వాత వచ్చే ఆదాయానికి.   2025 మార్చితో ముగిసిన సంవత్సరానికి కొత్త విధానంలో రిబేటు ఏడు లక్షల వరకే ఉండేది. పైగా పన్ను సున్నా కావడం వేరు, రిటర్ను అక్కర్లేకపోవడం వేరు. ఆ సంవత్సరానికి కొత్త విధానంలో మూడు లక్షలు, పాత విధానంలో రెండున్నర లక్షలు దాటిన ఆదాయం ఉంటే, చివరికి పన్ను పడకపోయినా రిటర్ను వేయాల్సి ఉండేది. పొలం ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు, నిజమే. కానీ కొట్టు, కమీషన్, అద్దె, డిపాజిట్ వడ్డీ పొలం లెక్కలోకి రావు.

రెండోది: "అన్నీ ఆడిటర్ గారు చూసుకుంటారు." చూసుకుంటారు. కానీ ఆయన దగ్గర మీలాంటి వాళ్లు వందల మంది. ఫైన్ పడేది మీ పాన్ మీద. గడువు దాటితే ఐదు లక్షల లోపు ఆదాయానికి వెయ్యి రూపాయలు, పైన ఐదు వేలు. కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద నెలకు ఒక శాతం వడ్డీ అదనం. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే అది వేసినట్టే కాదు. ఆ ఓటీపీ ఎవరి ఫోనుకు వెళుతోంది? పోర్టల్లో మీ నంబరే ఉందా? ఈ వారం ఒకసారి చూసుకోండి.

మూడోది: "గడువు ఎలాగూ పెంచుతారు." 2025లో పెంచారు. జులై 31ని చివరికి సెప్టెంబర్ 16 చేశారు. కరోనా రోజుల్లోనూ పెంచారు. కానీ 2022, 2023, 2024 మూడేళ్లూ జులై 31 కదల్లేదు. పెంచుతారని కూర్చున్నవాళ్లు ఫైన్ కట్టారు. రిటర్ను తేదీ పెరిగినా, ముందస్తు పన్ను తక్కువ కట్టినందుకు పడే వడ్డీ ఆగదు.

ఫీజు కట్టే తల్లిదండ్రులుగా మీకు ప్రత్యేకంగా ఇంకో మాట. పిల్లల ట్యూషన్ ఫీజు మినహాయింపుగా చూపించుకోవచ్చు, ఇద్దరు పిల్లల వరకు, మిగతా పొదుపులతో కలిపి లక్షన్నర దాకా. బస్సు ఫీజు, పుస్తకాలు అందులోకి రావు. ఇది పాత విధానంలోనే దొరుకుతుంది. పాత విధానం కావాలంటే గడువులోపే రిటర్ను వేయాలి. ఒక్క రోజు దాటినా కొత్త విధానంలోకే వెళతారు. ఏడాదంతా కష్టపడి కట్టిన ఫీజు రసీదు ఆ రోజుతో పన్ను లెక్కలో చిత్తు కాగితమవుతుంది. రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా లేకపోతే మన ఆఫీసులో అడగండి. అడగడం మీ హక్కు.

మన నడిగడ్డలో డబ్బు నెలనెలా రాదని నాకు తెలుసు. విత్తన పత్తి డబ్బు విత్తనం పరీక్షలో పాసయ్యాకే చేతికొస్తుంది. గట్టు, రాజోలి, అయిజలో మగ్గం ఇళ్లకు చీర అమ్ముడైనప్పుడే డబ్బు. అందుకే తేదీ ముందే తెలియాలి. మన తాతలు భూమి శిస్తును కిస్తుల్లో కట్టేవారు, ఏ కిస్తు ఎప్పుడో ఊరందరికీ తెలిసేది. ఇవాళ్టి అడ్వాన్స్ ట్యాక్స్ కూడా కిస్తులే, మనమే గుర్తుపెట్టుకోవడం మానేశాం.

క్యాలెండర్ మీద ఈ తేదీలు రాయించండి.

ఏప్రిల్: పన్ను పడనివారు డిపాజిట్ వడ్డీలో టీడీఎస్ కోయకుండా బ్యాంకులో డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. గద్వాల వంటి పట్టణాల్లో ఈ నెలలోనే ఇంటి పన్ను కడితే ఐదు శాతం తగ్గింపు.

జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15: టీడీఎస్ పోగా ఏడాదికి పది వేలు, అంతకు మించి పన్ను పడేవారికి అడ్వాన్స్ ట్యాక్స్ కిస్తులు. ఆయా తేదీలకు మొత్తం 15, 45, 75, 100 శాతం చేరాలి. లాభాన్ని అంచనా శాతంతో చూపించే చిన్న వ్యాపారులు ఒకేసారి మార్చి 15కి కట్టవచ్చు.

జులై 31: వ్యాపార ఆదాయం లేనివారి రిటర్ను. 2025లో అది సెప్టెంబర్ 16 దాకా పెరిగింది. ఆడిట్ ఉన్న వ్యాపారాలకు మామూలుగా అక్టోబర్ 31.

డిసెంబర్ 31: ఆలస్యపు రిటర్నుకు చివరి రోజు. ఇది దాటితే మామూలుగా రిఫండ్ రాదు. మా నాన్నకు జరిగింది ఇదే.

జీఎస్టీ ఉన్న కొట్లకు: నెలనెలా వేసేవారికి 11న అమ్మకాల రిటర్ను, 20న పన్ను రిటర్ను. మూడు నెలలకోసారి వేసేవారికి తెలంగాణలో 13, 22 తేదీలు. కాంపోజిషన్‌లో ఉన్నవారు ప్రతి త్రైమాసికం తర్వాత 18, ఏడాదికోసారి జూన్ 30. అమ్మకం లేని నెలైనా సున్నా రిటర్ను వేయాలి. మరచిపోతే రోజుకు ఇరవై రూపాయల లెక్కన ఫైన్ పడుతుంది.

వీటిలో మీ ఇంటికి వర్తించేవి మూడో నాలుగో ఉంటాయి, అంతే. అవేవో ఆడిటర్ గారిని అడిగి తెలుసుకోండి. ప్రతి తేదీకి పది రోజుల ముందు ఇంకో గుర్తు పెట్టండి. ఆ గుర్తు పెట్టే పని మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించండి. ఆదాయం ఎంతో పిల్లలకు చెప్పక్కర్లేదు, తేదీ చెబితే చాలు. "నాన్నా, ఇంకా పది రోజులుంది" అని పిల్లలు గుర్తుచేస్తే విసుక్కోకండి. హోంవర్క్ గురించి మీరు రోజూ వాళ్లకు చెప్పే మాటే అది.

చెల్లి చదువు పూర్తయింది, ఉద్యోగంలో చేరింది. అమ్మ గాజులు విడిపించాం. మా ఇంట్లో ఇప్పుడు రిటర్ను జూన్ నెలలోనే పడుతుంది. నాన్నే గుర్తుచేస్తారు.

నమస్కారాలతో,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్