ఒక్క ఆడమనిషి లెక్కలోకి రాదా?

తిరుపతిలో ఒంటరిగా గది అడిగిన స్త్రీకి అద్దె ఎంతో చెప్పకముందే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "నీతో ఎవురొచ్చినారమ్మా?" ఎవరూ లేరంటే చాలాచోట్ల గది దొరకదు. కొండమీద ఇది నియమమే. తిరుమలలో దేవస్థానం గది ఇవ్వాలంటే కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే వస్తే లాకరు తీసుకుని యాత్రికుల వసతి సముదాయం హాల్లో పడుకోవాలి.

గదిలో ఎంతమంది ఉండవచ్చో పరిమితి పెట్టడాన్ని మనం వ్యతిరేకించనక్కరలేదు. ఇద్దరి గదిలో ఎనిమిదిమందిని కుక్కితే గాలి, నీళ్లు, మరుగుదొడ్డి ఏవీ చాలవు. ఆ ఇరుకులో తలుపు దగ్గర నేలమీద పడుకునేది ఆడవాళ్లే. కనుక గరిష్ఠ పరిమితి మనుషుల భద్రత కోసమే. మరి కనిష్ఠ పరిమితి ఎవరి భద్రత కోసం?

ఒంటరివాళ్లు ఆత్మహత్య చేసుకుంటారని, గదులు దళారుల పాలవుతాయని సాధారణంగా చెబుతుంటారు. లాడ్జీల్లో జంటలు, కుటుంబాలు ప్రాణాలు తీసుకున్న వార్తలూ మనం చదివాం. పక్కన మనిషి ఉండటమే రక్షణ కాదు. ఇక దళారుల సంగతి. తిరుమలలో 2023 మార్చి నుంచి ముఖాన్ని గుర్తించే యంత్రాలు వచ్చాయి. ఆమె ఎవరో యంత్రమే తేల్చగలిగినప్పుడు, పక్కన ఇంకొకరి పూచీ ఎందుకు?

ఈ నియమం మగవాళ్లకూ వర్తిస్తుంది, నిజమే. కానీ మగవాడు బస్టాండులో తువ్వాలు పరుచుకుని తెల్లవారేదాకా పడుకోగలడు. రుయా ఆసుపత్రిలో తల్లిని చేర్చిన కూతురు, పరీక్షకు పలమనేరు నుంచి వచ్చిన అమ్మాయి, తోడెవరూ లేని వితంతువు అలా పడుకోగలరా? కాగితం మీద సమానంగా కనిపించే నియమం ఆచరణలో స్త్రీని ఎవరో ఒకరి భార్యగా, తల్లిగా, కూతురుగా మాత్రమే గుర్తిస్తుంది.

హోటళ్లలో ప్రవేశానికి లింగభేదం అడ్డు కాకూడదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతోంది. కోయంబత్తూరులో అద్దె అపార్ట్‌మెంటుకు అధికారులు సీలు వేసిన కేసులో, పెళ్లికాని జంట గదిలో ఉండటం నేరం కాదని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఇద్దరు కలిసి ఉండటమే నేరం కానప్పుడు, ఒక్కతే ఉండటం అనుమానించదగ్గ విషయం ఎలా అవుతుంది?

మనం అడగవలసినవి మూడు. గది వైశాల్యాన్ని బట్టి గరిష్ఠ సంఖ్య నిర్ణయించి తలుపు మీద రాయాలి. గుర్తింపు కార్డు చూపిన ఒంటరి స్త్రీకి గది నిరాకరించకూడదు. బస్టాండు, ఆసుపత్రుల దగ్గర స్త్రీలకు చవక వసతి ఉండాలి. ఇది దయతో ఇచ్చే ఆశ్రయం కాదు, డబ్బు కట్టి అడిగే హక్కు.