చెక్క మానమనే మాట తప్పు

"సైలేజి మేపితే చాలు, దాణా అక్కర్లేదు." ఈ మాట బేళ్లు అమ్మేవాళ్లతో ఆగలేదు. అనుభవమున్న పాడి రైతులూ అంటున్నారు. నమ్మితే నష్టపోయేది ఆవు, ఆ తర్వాత రైతు.

సైలేజి, అంటే మొక్కజొన్న పాతర, మంచి మేతే. గింజ పాలు దాటి గట్టిపడుతున్నప్పుడు కోసి, గాలి చొరకుండా తొక్కి పెడితే వేసవి గండం గడుస్తుంది. గింజలోని పిండి వల్ల శక్తికీ కొదవ ఉండదు. కొదవంతా మాంసకృత్తులదే. 400 కిలోల ఆవు పూటకు ఐదు లీటర్లిస్తోందనుకుందాం. ఒంటికీ పాలకూ కలిపి దానికి రోజుకు 1,200 గ్రాములకు పైగా మాంసకృత్తులు కావాలి. పాతరలో మూడింట రెండు వంతులు నీరే. కడుపు పట్టినంత, అంటే 36 కిలోలు తిన్నా నీరు పోగా మిగిలేది 12 కిలోలు. అందులో ఎనిమిది శాతం చొప్పున 960 గ్రాములు. మనవాళ్లు 20 కిలోలు వేసి మిగతా కడుపు వరిగడ్డితో నింపుతారు. వరిగడ్డిలో నాలుగు శాతం ఉంటే గొప్ప. పొయ్యి కింద మంట ఉంది, ఎసట్లో బియ్యం లేవు.

"నెలైంది, పాలేమీ తగ్గలేదే" అంటారు. ఈనిన కొత్తలో తగ్గవు. ఆవు తన కొవ్వునూ ఎముకల్లోని కాల్షియాన్నీ కరిగించి మరీ ఇస్తుంది. డొక్కలు కనబడేనాటికి ఆ నిల్వ అయిపోయి ఉంటుంది.

"తవుడు పోస్తున్నాం కదా" అనేది మరో మాట. తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం నామమాత్రం. పాతరలోనూ కాల్షియం తక్కువే. లీటరు పాలతో 1.2 గ్రాముల కాల్షియం బయటికి పోతోంది. రోజుకు 50 గ్రాముల లవణ మిశ్రమం వేయకుండా ఎంత తవుడు పోసినా ఆ లోటు పూడదు.

ఇక మాంసకృత్తుల లోటు పూడ్చేది చెక్క. కిలో వేరుశనగ చెక్కలో దాదాపు 400 గ్రాముల మాంసకృత్తులుంటాయి. చెక్క భారమనిపిస్తే గట్టు పక్కన లూసర్న్ వేసుకోండి. ఐదు కిలోల పచ్చి లూసర్న్ 200 గ్రాముల దాకా ఇస్తుంది, చెక్క సగానికి తగ్గించవచ్చు. బూజు పట్టిన చెక్క మాత్రం చవగ్గా వచ్చినా వద్దు. అందులోని విషం పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే.

చెక్క మానేసి మిగిల్చామంటున్నవారు ఇంకొక లెక్క చూడాలి. చిక్కిన ఆవు ఎదకు ఆలస్యంగా వస్తుంది. తప్పిన ప్రతి ఎదకూ 21 రోజుల మేత దండగ. ఆ ఖర్చు మీ పుస్తకంలో ఎక్కడ రాశారు?