డ్రైవర్ లేని వాహనాలు, డ్రోన్లను దూరం నుంచి చూసుకునే మనుషుల బాధ్యతపై తీర్మానం

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ, లిటిల్ ఎల్మ్ ఊళ్లలో ఉంటున్న తెలుగు కుటుంబాల ఈ సర్వసభ్య సమావేశం కింది విషయాలు చర్చించి, ఈ తీర్మానం చేసింది.

ఈ యంత్రాలు మన ఊళ్లకు కొత్తవి కావు. 2018 జులైలోనే డ్రైవ్.ఏఐ సంస్థ నారింజ రంగు వ్యాన్లను ఫ్రిస్కో వీధుల్లో నడిపింది. వ్యాన్‌కు దారి తోచనప్పుడు ఎక్కడో కూర్చున్న ఉద్యోగి కెమెరాల్లో చూసి సలహా ఇచ్చే ఏర్పాటు అప్పుడే ఉంది. 2022 ఏప్రిల్‌లో వింగ్ డ్రోన్లు ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్ పెరళ్లలో పొట్లాలు దించడం మొదలుపెట్టాయి. 2025 మేలో అరోరా సంస్థ డాలస్, హ్యూస్టన్ మధ్య ఖాళీ సీటుతో సరుకు లారీలు నడిపింది. కొద్ది వారాలకే లారీ తయారీదారు అడిగాడని ఆ సీట్లో మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టింది. మనలో చాలామంది సాఫ్ట్‌వేర్‌తో బతికేవాళ్లమే. యంత్రమంటే మనకు భయం లేదు. యంత్రం వెనక ఉన్న మనిషి ఎవరో, ఏం చేయగలడో తెలియకపోవడమే మన ఇబ్బంది.

దూరాన ఉన్న ఆ మనిషి చాలా సంస్థల్లో కారు నడపడు. కారు ప్రశ్న అడుగుతుంది, అతను జవాబిస్తాడు, ఆపైన కారే నడుచుకుంటుంది. అడగాలని కారుకు తోచకపోతే అతను ఉన్నా లేనట్టే. 2023 అక్టోబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది అదే. మనిషి నడుపుతున్న మరో కారు ఢీకొని తన ముందు పడిన పాదచారిని క్రూజ్ సంస్థ నడిపే డ్రైవర్ లేని కారు కూడా ఢీకొని ఆగింది. పక్కనుంచి ఏదో తగిలిందని పొరబడి, రోడ్డు అంచుకు తప్పుకోబోయి, కింద ఇరుక్కున్న ఆమెను సుమారు 20 అడుగులు ఈడ్చింది. ఆ కొద్ది సెకన్లలో దూరపు మనిషి చేయగలిగింది ఏమీ లేదు. అదే నెల 24న కాలిఫోర్నియా క్రూజ్ అనుమతులు నిలిపేసింది. ఈడ్చిన సంగతి నివేదికలో దాచినందుకు కేంద్ర ప్రభుత్వం సంస్థకు జరిమానా వేసింది.

అడిగినా జవాబు సమయానికి అందుతుందన్న భరోసా లేదు. 2025 డిసెంబర్ 20న శాన్‌ఫ్రాన్సిస్కోలోనే కరెంటు పోయి సిగ్నళ్లు ఆరిపోయినప్పుడు వేమో సంస్థ డ్రైవర్ లేని కార్ల నుంచి ఒక్కసారిగా ప్రశ్నలు వచ్చిపడ్డాయి. జవాబులు ఆలస్యమై, కొన్ని కార్లు కూడళ్లలోనే నిలిచిపోయాయి.

ఇక డ్రోన్ల సంగతి. 2016 నుంచి అమల్లో ఉన్న కేంద్ర విమానయాన శాఖ పార్ట్ 107 నిబంధనల ప్రకారం, ప్రత్యేక మినహాయింపు లేకపోతే ఒక మనిషి ఒకేసారి ఒక్క డ్రోన్‌నే నడపాలి, అదీ కంటికి కనిపించేంత దూరంలోనే. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర పాలిసేడ్స్ మంటలార్పుతున్న విమానం రెక్కకు చిల్లు పెట్టిన డ్రోన్, నడిపేవాడి చూపు దాటి పోయినదే. చేతిలో ఇమిడే డ్రోన్‌కు ఇంత కట్టడి ఉంది. రెండు టన్నుల కార్లను ఒక మనిషి ఏకకాలంలో ఎన్నింటిని చూసుకోవచ్చో చెప్పే కేంద్ర నిబంధన మాత్రం లేదు.

అందుచేత ఈ సభ తీర్మానించడమేమనగా:

డ్రైవర్ లేని వాహనాలకు అనుమతి అడిగే ప్రతి సంస్థ, ఒక్కో షిఫ్టులో దూరం నుంచి చూసుకునే ఒక్కో పర్యవేక్షకుడి కింద ఎన్ని వాహనాలుంటాయో, ప్రశ్న అడిగిన వాహనానికి జవాబు ఎంతసేపట్లో అందుతోందో టెక్సస్ మోటారు వాహనాల శాఖకు చెప్పాలి. ఆ లెక్క జనానికీ తెలియాలి. దాన్నిబట్టి శాఖ ఒక గరిష్ఠ పరిమితి పెట్టాలి. ఆ సంఖ్య ఎంతుండాలో చెప్పే నైపుణ్యం తనకుందని ఈ సభ అనుకోవడం లేదు. అసలు పరిమితే లేకపోవడాన్ని మాత్రం ఒప్పుకోదు.

పర్యవేక్షకుడికి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. డ్రైవర్ లేకుండా పరీక్షించే వాహనాల రిమోట్ ఆపరేటర్ విషయంలో కాలిఫోర్నియా 2018లోనే ఈ షరతు పెట్టింది. అతను వేరే దేశంలో కూర్చుని పనిచేస్తే ఆ సంగతి బయటపెట్టాలి. ఆ ఉద్యోగాలు హైదరాబాద్‌కు వెళ్తే మనవాళ్లకే మంచిది కదా అని సభలో ఒకరు నవ్వుతూ అన్నారు. వెళ్లనివ్వండి, ఈ సభకు అభ్యంతరం లేదు. కానీ ఎర్రదీపాలు వెలిగించి ఆగిన స్కూల్ బస్సును చూసి, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద రెండువైపులా వాహనాలు ఆగాలన్న నియమం హైదరాబాద్ రోడ్ల మీద ఎవరూ నేర్చుకోరు. ఆగిన స్కూల్ బస్సులను వేమో కార్లు దాటిపోతున్నాయని 2025లో ఆస్టిన్ పాఠశాలల యంత్రాంగం ఫిర్యాదు చేసింది. ఆ డిసెంబర్‌లో సంస్థ సాఫ్ట్‌వేర్ రీకాల్ చేసింది. మన పిల్లలు ఎక్కేవీ అలాంటి బస్సులే. ఏ దేశంలో కూర్చున్నా సరే, టెక్సస్ రోడ్డు నియమాలు నేర్చి, పరీక్ష పాసైనవారే ఆ కుర్చీలో కూర్చోవాలి.

మనల్ని చూడడానికి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు పొద్దునా సాయంత్రం ఈ వీధుల్లోనే నడుస్తారు. దారికి అడ్డంగా కారు నిలిచిపోయినా, పెరట్లో డ్రోన్ కూలినా వాళ్లు ఎవరితో మాట్లాడాలి? వాహనం మీద పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు ఉండాలి. ఆ నంబరుకు రికార్డు చేసిన గొంతు కాక మనిషి పలకాలి. అవసరమైతే దుభాషిని కలపాలి.

2025 ఆగస్టులో విమానయాన శాఖ ప్రతిపాదించిన నిబంధనల ప్రకారం, చూపు దాటి ఎగిరే డ్రోన్లను చూసుకునేవారికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ సడలింపును సభ వ్యతిరేకించడం లేదు. అయితే కావాలనుకున్న క్షణంలో డ్రోన్‌ను దించే అధికారం ఆ ఉద్యోగికి నిజంగా ఉండాలి. దించినందుకు అతని ఉద్యోగానికి ముప్పు రాకూడదు.

ఈ వాహనాలను పూర్తిగా నిషేధించమని కోరాలంటూ ఒక సభ్యుడు సవరణ ప్రతిపాదించారు. మనుషులే నడిపే రోడ్ల మీద 2023లో ఈ దేశంలో 40,901 మంది చనిపోయారని, యంత్రం ఆ లెక్క తగ్గించగలిగితే అడ్డుపడడం తగదని పలువురు వాదించారు. సవరణ వీగిపోయింది.

తీర్మానం ప్రతులను టెక్సస్ మోటారు వాహనాల శాఖకు, కేంద్ర రహదారి భద్రతా సంస్థకు, విమానయాన శాఖకు, కాలిన్, డెంటన్ కౌంటీల శాసనసభ్యులకు పంపాలి. 2017 నాటి రాష్ట్ర చట్టం ఈ వాహనాల నియంత్రణలో నగరాలకు అధికారం లేకుండా చేసింది. అయినా రోడ్డు మీద నిలిచిపోయిన కారు దగ్గరికి ముందుగా వచ్చేది నగర పోలీసులు, ఫైరింజన్లే కాబట్టి ఫ్రిస్కో నగర మండలికీ ఒక ప్రతి ఇవ్వాలి.