చెట్టు ముందా, విత్తు ముందా?

వండూర్ జెట్టీలో జాలీబోయ్ పడవ ఎక్కేవారు తాగునీరు, తిండి వెంట తీసుకెళ్లాల్సిందే. ఆ దీవిలో దుకాణాలుండవు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా అండమాన్‌లో సాఫ్ట్‌వేర్ పని కూడా ఇంచుమించు అంతే. ఉపగ్రహం మీద నడిచే ఇంటర్నెట్‌ది నత్తనడక. కావలసినవి ముందే సర్దుకోవాలి. కేబుల్‌తో డౌన్‌లోడ్ కష్టం తగ్గింది కానీ, ఏమేం సర్దుకోవాలన్న చిక్కు అలాగే ఉంది.

అందులో పెద్ద చిక్కు కంపైలర్. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే ఈ దుబాసీ కూడా ఓ ప్రోగ్రామే. దాన్ని తయారు చేయడానికి మరో కంపైలర్ కావాలి. గూగుల్‌లో పుట్టిన గో భాషనే చూడండి. 2015లో వచ్చిన 1.5 వెర్షన్‌తో దాని కంపైలర్‌ను సీ నుంచి గోలోకే మార్చారు. ఇక కొత్తది కట్టాలంటే పాతది చేతిలో ఉండాలి. 1.22కి 1.20, దానికి 1.17, దానికి సీలో రాసిన 1.4. మధ్యలో ఒక్క మెట్టు లేకున్నా పని ఆగినట్టే.

తయారుగా ఉన్నదాన్నే దించుకుంటే పోలేదా? పోతుంది, అది ఇచ్చినవారి మీద నమ్మకముంటే. కంపైలర్‌లో దొంగదారి దాస్తే సోర్స్ కోడంతా చదివినా దొరకదని కెన్ థాంప్సన్ 1984లోనే చూపారు.

ఎస్‌డీకేల పేచీ వేరు. జావా 17 మీద పాత గ్రేడిల్ నడిపితే అది ‘61’ అనే అంకెతో మొరాయిస్తుంది. 61 అంటే జావా 17 అని తెలియనివాడు రాత్రంతా తన కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటాడు. పాత సెట్‌ను చెరిపేశాక కొత్తదాన్ని పరీక్షించేవారికి వెనక్కి వెళ్లే దారి కూడా ఉండదు. గో మెట్లు నాలుగూ కలిపినా చిన్న పెన్‌డ్రైవ్‌లో పడతాయి.