నడుముకి సీసం, వీపుకి గాలి

"మునగడానికి ఎంత ఖర్చవుద్దేటి అన్నయ్యా?"

మూడు నెలల కిందట ఓ ఆదివారం, అమీర్‌పేటలో మార్నింగ్ షో చూసి ఎస్కలేటర్ దిగుతూంటే మా పక్కగది కుర్రాడు వేసిన ప్రశ్న ఇది. పాత సత్యం థియేటరు ఉన్న చోటే 2023లో వెలిసిన మల్టీప్లెక్సు లెండి. "మునగడానికి ఖర్చెందుకు తమ్ముడూ, ఖర్చంతా తేలడానికే" అన్నాను. ఏదో డైలాగు కొట్టాననుకున్నాను గానీ, తరవాత చూస్తే అసలు విషయమంతా అందులోనే ఉంది.

కుర్రాడిది శ్రీకాకుళం జిల్లా. పగలు మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో ఏదో కంప్యూటరు కోర్సు. సాయంత్రాలు ఫైటర్ల వెంట తిరగడం. సముద్రం ఒడ్డున పుట్టినవాడు కనుక ఈతంటే ప్రాణం. విశాఖలో ఋషికొండ దగ్గర స్కూబా కోర్సు చేసి, ఆ కార్డు ఆధార్ కార్డు పక్కనే పెట్టుకు తిరుగుతున్నాడు. ఇప్పుడో చిత్రంలో స్కూబా వేషం వేసుకున్న హీరోగారు నీటి అడుగున విలన్ మనుషులతో కలబడే సీనుందట. డూప్‌గా మనవాడి పేరు అనుకుంటున్నారట. (చిత్రం పేరు అడక్కండి. చెప్పనని ఒట్టేశాను.) సొంత సామాను ఉన్నవాడికి పిలుపు ముందొస్తుందని ఎవరో చెవిలో ఊదారు. పంజగుట్టలో ఒకాయన పాత జాకెట్టు అమ్ముతున్నాడట. సీసం దిమ్మలు పెట్టుకునే జేబులు జాకెట్టులోనే ఉన్న రకం.

"నువ్వొచ్చి చూసి పెట్టన్నయ్యా" అన్నాడు. నాలుగేళ్ళ కిందట ఓ యూనిట్ వెంట విశాఖ వెళ్ళి, రాయడం మానేసి నేనూ ఆ కోర్సు చేసొచ్చాను. ఆ మాట గదిలో అందరికీ రెండేసి సార్లు చెప్పుకున్న పాపానికి ఇది ఫలితం.

ఇంతకీ ఈ జాకెట్టేమిటి అంటారా? 2017లో వచ్చిన 'ఘాజీ' చూశారుగా! 1971 డిసెంబరులో విశాఖ తీరంలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ. జలాంతర్గామి దిగాలంటే బల్లాస్ట్ ట్యాంకుల్లోకి నీళ్ళు ఎక్కిస్తారు. పైకి రావాలంటే గాలి ఊది ఆ నీళ్ళు బయటికి తోస్తారు. విశాఖ ఆర్కే బీచిలో కురుసుర మ్యూజియానికి వెళ్ళినవాళ్ళు ఈ సంగతి వినే ఉంటారు. మనిషికి ఆ పని ఈ జాకెట్టు చేస్తుంది. డైవరు వేసుకునే రబ్బరు సూటు ఒంటిని బెండులా తేలుస్తుంది. అందుకని నడుముకి సీసం. లోతుకి వెళ్ళేకొద్దీ ఒత్తిడికి సూటు నలిగి, తేల్చే గుణం తగ్గుతుంది. అప్పుడు అదే సీసం మరీ కిందికి లాగుతుంది. బొత్తాం నొక్కి సిలిండరులోని గాలి జాకెట్టులోకి కాస్త వదిలితే సరి, లేవకుండా దిగకుండా అలా నిలబడతాం. పైకొచ్చేటప్పుడు లోపలి గాలి ఉబ్బుతుంది కనుక కొంచెం కొంచెంగా తీసేస్తూ రావాలి.

తొలిరోజుల్లో ఈ హంగులేవీ లేవు. 1943లో ఫ్రాన్సులో కూస్టో, గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ తయారుచేశారు. ఆ కూస్టో తీసిన 'ది సైలెంట్ వరల్డ్' 1956లో కాన్స్‌లో పెద్ద బహుమతి కొట్టేసింది. అందులో మనుషుల్ని చూడండి, వీపున సిలిండర్లు, నడుముకి సీసం వడ్డాణం, అంతే! 1965 నాటి జేమ్స్‌బాండ్ చిత్రం 'థండర్‌బాల్'లో నీటి అడుగు యుద్ధం చేసినవాళ్ళదీ ఇంచుమించు అదే అలంకారం. 1960లలో మెడకి తగిలించుకునే గాలి సంచి వచ్చింది. 1970లలో చేతుల్లేని కోటులాంటి జాకెట్టు వచ్చింది. ఆ తరవాత వడ్డాణం తీసేసి సీసాన్ని జాకెట్టు జేబుల్లోకే చేర్చారు. సుఖమే! బక్క నడుములకి బెల్టు జారిపోతుంది, లావు నడుములకి ఒరుసుకుంటుంది. జేబులకి ఆ పేచీ లేదు.

పేచీ మరోచోట ఉంది. అది పంజగుట్టలో కనపడింది.

మెట్రోలో ఒక్కటే స్టేషను. అయినా నడిచే వెళ్ళాం, కుర్రాడి దగ్గర రెండో విడత కోచింగ్ ఫీజు డబ్బుంది, రైలు రద్దీలో ఎందుకని. అమ్మేవాడు మర్యాదస్తుడే. జాకెట్టు నిండా గాలి ఊది బల్లమీద పెట్టి, చాయ్ తెప్పించాడు. అరగంటైనా గాలి తగ్గలేదు. "సూడుండ్రి సార్, లీకే లేదు!" అన్నాడు. నిజమే. గాలి సంచి మాత్రం భేషుగ్గా ఉంది.

కుర్రాడికి తొడిగాం. ఒక సైజు పెద్దది. గాలి నింపగానే భుజాలు చెవుల దాకా లేచాయి. నీళ్ళమీద ఇలాగే లేస్తే, మనిషి గడ్డం జాకెట్టులో దాక్కుంటుంది. సరే, పట్టీలు బిగించి చూద్దామన్నాడాయన. బిగించాం. రెండు జేబుల్లో రెండేసి కిలోల దిమ్మలు పెట్టి, "కళ్ళు మూసుకుని కుడి జేబు పిడి ఒక్క చేత్తో లాగు" అన్నాను.

లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. జాకెట్టంతా పక్కకి తిరిగింది గానీ జేబు ఊడలేదు. వంగి చూస్తే క్లిప్పు సందులో ఇసుక, ఉప్పు పేరుకుని రాయైపోయింది. వాడాక మంచినీళ్ళలో కడిగిన పాపాన పోలేదన్నమాట. ఇక ఎడమ జేబుది వెల్‌క్రో. కుర్రాడు రెండు గెంతులు గెంతేసరికి ధబ్బున నేలమీద పడింది. ఒకటి రమ్మన్నా రాదు, ఇంకోటి పొమ్మనకుండానే పోతుంది!

"షూటింగ్‌కే గద సార్, గివన్ని ఎవ్వలు జూస్తరు?" అన్నాడాయన.

ఎవరూ చూడరు. అందుకేగా భయం. పైన కెమెరావాళ్ళకి బుడగలే కనిపిస్తాయి. నీళ్ళలో కష్టం వచ్చినప్పుడు, ముఖ్యంగా పైకి తేలాక ఆయాసంతో కొట్టుకుంటున్నప్పుడు, చేయవలసింది రెండే: జాకెట్టు నిండా గాలి నింపడం, సీసం వదిలేయడం. డైవర్ల ప్రమాదాల నివేదికల్లో పదేపదే కనిపించే మాట ఒకటుంది, మనిషి దొరికేసరికి సీసం ఇంకా నడుముకే ఉందని. వదలాలన్న ఆలోచనే రాకపోవచ్చు. వచ్చినా, చేతికి పిడి అందకపోవచ్చు. పిడి అందినా ఊడనిది మనం చూసిన జాకెట్టు.

ఇక దానంతటది ఊడిపోయే జేబు సంగతి నా అనుభవం. కోర్సయ్యాక ఇక్కడే నగరంలో ఓ కొలనులో సాధన చేస్తూ, క్లిప్పు 'టక్' మనకుండానే దిగాను. అద్దె సామాను తొడిగిన అసిస్టెంటూ లాగి చూడలేదు, నేనూ చూడలేదు. అడుగున ఓ పల్టీ కొట్టగానే ఎడమ జేబు జారిపోయింది. ఒక పక్కకి ఒరిగిన పడవలా, తలకిందులుగా పైకి తేలాను. మూడు మీటర్ల లోతు కనుక నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. అదే పదిహేను మీటర్ల నుంచి ఊపిరి బిగబట్టి అలా దూసుకొస్తే ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి చిరిగిపోతాయి. నవ్వడానికి మనిషుండడు.

డబ్బు జేబులోనే పెట్టుకుని తిరిగొచ్చాం. కుర్రాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఛాన్సు పోతుందని వాడి బాధ. మూడో రోజు వాడే వచ్చి "అయితే ఏటి కొనాల?" అన్నాడు.

ముందు కొనకు, అద్దెకి తీసుకుని రెండు మూడు రకాలు వాడి చూడు అన్నాను. ఋషికొండ వెళ్ళి అదే చేశాడు. అక్కడో కొత్త విషయం తెలిసింది. ఓ జాకెట్టు అన్నివిధాలా నచ్చిందట గానీ, అక్కడుండే దిమ్మలు దాని జేబులో పట్టలేదట! సీసం ఎవరూ ఊరి నుంచి మోసుకెళ్ళరు, దిగేచోటే తీసుకుంటారు. కనుక జేబు కొలత చూసుకోవడం చెప్పుల కొలత చూసుకోవడం లాంటిదే. మరొకటి, ఎంత బరువు కావాలన్నది. జాకెట్టులో గాలి తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి నిలువుగా ఉంటే నీళ్ళు కళ్ళ దాకా రావాలి, ఊపిరి వదిలితే మునగాలి. మనవాడికి సముద్రంలో ఆరు కిలోలు పట్టింది, కొలనులో నాలుగే చాలింది. ఉప్పునీరు ఎక్కువ తేలుస్తుంది మరి. ఈ పరీక్ష సిలిండరు దాదాపు ఖాళీ అయ్యాక చేస్తేనే లెక్క సరిపోతుంది. మామూలు అల్యూమినియం సిలిండరులో గాలే రెండున్నర కిలోల పైన ఉంటుంది. అది పీల్చేశాక, చివర్లో ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సినచోట మనిషి ఆగలేక తేలిపోతాడు.

ఫైటు సీనుకి ఇంకో చిక్కు. విలన్ మనిషి కలబడి లాగితే పిడి వాడి చేతికే వస్తే? అందుకని మొత్తం సీసం ఊడిపోయే జేబుల్లోనే పెట్టొద్దని వాడి కోచ్ చెప్పాడు. ముందు జేబుల్లో రెండేసి కిలోలు, వీపు వైపు ఊడని చిన్న జేబుల్లో ఒక్కో కిలో. ఒకటి పోయినా మనిషి రాకెట్టు కాడు. ముందువి వదిలేస్తే తేలడానికి సరిపోతుంది. జతగా దిగేవాడికి కూడా ఈ పిడి ఎలా ఊడుతుందో ముందే చూపించాలి. బెల్టయితే ఎవరికైనా తెలుస్తుంది. జాకెట్టు జేబులు మాత్రం తలో కంపెనీదీ తలో తీరు.

చివరికి కొత్తదే కొన్నాడు. మంచి సెల్‌ఫోను ఖరీదు. ఫీజు డబ్బు ముట్టుకోలేదు, వాయిదాల మీద తీసుకున్నాడు. గాలి నింపినా ఊపిరాడుతోంది, భుజాలు లేవడం లేదు, రెండు జేబులూ 'టక్' మంటున్నాయి.

ఇప్పుడు మా గదిలో రాత్రి తొమ్మిదింటికి రిహార్సలు. సీసం లేదు కనుక జేబుల్లో కిలో ఉప్పు ప్యాకెట్లు రెండేసి. లైటు తీసేస్తాడు, కళ్ళు మూసుకుంటాడు, నేను "కట్" అనగానే ఒక్కో చేత్తో రెండు పిడులూ లాగాలి. మొదటి రాత్రి పదిసార్లకి ఆరుసార్లు పడ్డాయి. కింద ఇంటి ఓనరు ఆంటీ పైకొచ్చి "ఏం దంచుతున్నరు బిడ్డా మీద?" అని అడిగి, జాకెట్టు చూసి ఏమీ అనకుండా పాత బొంత ఒకటి ఇచ్చి వెళ్ళింది కింద పరచమని.

నిన్న రాత్రి పదికి పదీ పడ్డాయి. ఎడమచేతి చూపుడువేలు తడిగా ఉంటే పిడి జారుతోందట, ఇవాళ చేతులు తడుపుకుని చేస్తానంటున్నాడు.