దయకు జీతమా?

2017వ సంవత్సరము జూలై 10వ తేదీన కెనడా దేశపు తూర్పుతీరమున, సెయింట్ లారెన్సు సింధుశాఖలో, జో హౌలెట్ అను మత్స్యకారుడు ప్రాణములు గోల్పోయెను. ఆయన క్యాంపోబెల్లో ద్వీపవాసి. సముద్రపుటడుగున బోనులు దించి లాబ్‌స్టరులను పట్టి జీవించువాడు. వేటత్రాళ్లు చుట్టుకొని బాధపడుచుండిన యొక తిమింగిలమును విడిపించుటకై ఆనాడు పడవపై వెళ్లెను. త్రాళ్లు తెగినవి, తిమింగిలము బంధవిముక్తమయ్యెను, మరుక్షణముననే దాని తోక తగిలి ఆయన మరణించెను. అప్పటికాయన వయస్సు 59 సంవత్సరములు. తన ద్వీపమున 2002లో నేర్పడిన తిమింగిలరక్షక బృందమున తొలినుండియు నుండి, స్వంతపనిని ప్రక్కకు బెట్టి, ఆయన యీ సేవ చేయుచుండెను. ఆయన విడిపింపబోయినది రైట్ తిమింగిలము. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమున నీ జాతివి నేడు నాలుగువందలకు లోపుగనే మిగిలియున్నవి. ఆ 2017వ సంవత్సరమందే పదునేడు మరణించినవి.

ఈ మరణమును మేము జ్ఞప్తికి దెచ్చుటకు కారణము కలదు. సముద్రజంతువులను రక్షించువారి మాట వచ్చినప్పుడు మన పఠనమందిరములలో రెండువిధములగు ఆక్షేపణలు వినవచ్చుచుండును. మనుష్యులకే కూడు చాలని దేశమున తిమింగిలములకు వైద్యమేల యని కొందరు. భూతదయ పుణ్యకార్యము గదా, పుణ్యమునకు జీతమేల యని మరికొందరు. మొదటివారు పనిని తేలికచేయుచున్నారు. రెండవవారు పనివానిని తేలికచేయుచున్నారు. ఇరువురకును సమాధానము చెప్పవలసియున్నది.

మొదట నిది కేవలము దయతో నగుపని కాదు, విద్య. 1984లో అమెరికాయందలి ప్రావిన్సుటౌనులో, తీరపరిశోధన కేంద్రమునకు చెందిన చార్లెస్ మేయో మొదలగువారు వలలో చిక్కిన ఐబిస్ అను హంప్‌బ్యాక్ తిమింగిలమును విడిపించిరి. అందులకు వారు వాడిన యుపాయము తిమింగిలములను చంపువారిది. వెనుకటి వేటగాండ్రు జంతువునకు పీపాలు తగిలించి, అది వానిని లాగి లాగి యలసినపిమ్మట పొడిచి చంపెడివారు. వీరును తేలుడుబుడ్లు తగిలించి యలయించిరి. పిమ్మట చంపక త్రాళ్లు కోసిరి. సంహారవిద్య రక్షణవిద్యగా మారినది. నేడును ఈ పని చేయువారు నీటిలోనికి దిగరు. చర్మమునకు గాయము కాకుండ లోవైపుననే పదునుగల వంకకత్తిని పొడవైన గడకు గట్టి పడవనుండియే కోయుదురు. ఏ త్రాడు ముందు కోయవలెను, ఏ త్రాడు కోసిన మిగిలినది మరింత బిగియును అనునది పుస్తకమువలననే వచ్చు జ్ఞానము గాదు. త్రాళ్ల మర్మము, కెరటముల మర్మము జాలరికి దెలియును. బంధించిన త్రాడు వేటగానిదే. దానిని తెంపు నేర్పును వేటగానిదే.

ఇక మొదటి యాక్షేపణ. కాలిఫోర్నియాలో సాసలిటో సమీపమున 1975లో నొక సముద్రజంతు చికిత్సాలయము నెలకొల్పబడినది. ఒడ్డునకు జేరిన జబ్బు సీళ్లను, సముద్రసింహములను దెచ్చి, తూచి, రక్తము పరీక్షించి, తినలేనివానికి గొట్టముద్వారా నాహారమిచ్చి, కోలుకొన్నపిమ్మట మరల సముద్రమున విడుతురు. వానిని ముద్దుచేయుట నిషిద్ధము. మనుష్యునకు మరగిన జంతువు సముద్రమున బ్రదుకజాలదు. చచ్చినవానిని గూడ కోసి కారణము వెదకుదురు. 1998లో నా తీరమున సముద్రసింహములు మూర్ఛలతో వందలకొలది చనిపోగా, సూక్ష్మమగు నాచునుండి చేపలలోనికి వచ్చు డొమోయిక్ ఆమ్లమను విషమే కారణమని వైద్యులు, శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ విషము మనుష్యుల పళ్లెములోనికిని రాగలదు. కాబట్టి యా మూగజంతువుల జబ్బు మనకొక హెచ్చరిక. దానిని చదువగల వైద్యుడు మనుష్యజాతికే వైద్యుడు.

అయినను అచ్చటను లోపము లేకపోలేదు. ఆ చికిత్సాలయమున జీతగాండ్రకంటె జీతములేని స్వచ్ఛందసేవకులే యెక్కువ. ఈ వృత్తిలో బ్రవేశింపగోరు యువకులు తరచుగా నెలల తరబడి యుచితముగా చేపలు కోసి, తొట్లు కడిగి అనుభవము సంపాదింపవలసియుండును. ఇంటివద్దనుండి సొమ్ము తెప్పించుకొనగలవానికే యా ద్వారము తెరచియుండును. పేదవాని బిడ్డ గుమ్మముకడనే యాగిపోవును. పుణ్యమునకు జీతమేల యనువారి మాటకు ఫలితమిదియే. సేవ ధనికుల వినోదముగా మిగులును.

మన తీరమునకు వత్తము. తమిళనాడున తూత్తుకుడి ప్రాంతమున 1973 జనవరిలో 147 పైలట్ తిమింగిలములు ఒడ్డునబడినవి. మరల 2016 జనవరిలో తిరుచెందూరువద్ద ఎనుబదికి పైగా ఒడ్డునబడినవి. అచ్చటి జాలరులు పిలువకయే వచ్చి, తమ పడవలతో వానిని లోనికి లాగిరి. కొన్ని పోయినవి, కొన్ని మరల తిరిగివచ్చినవి, పెక్కులు చనిపోయినవి. ఈ జాతి గుంపును విడిచి బ్రదుకునది గాదు. ఒడ్డునబడిన జంతువును తోకబట్టి లాగరాదు. నెత్తినున్న శ్వాసరంధ్రమున నీరు, ఇసుక పోనీయరాదు. తడిగుడ్డ కప్పి యెండ తగులకుండ కాపాడవలెను. ఇవి తెలియని దయ యొక్కొక్కప్పుడు హింసయే యగును. తప్పు జాలరులది గాదు. నలుబదిమూడేండ్ల వ్యవధిలో వారికి నేర్పని మనది.

శుభసూచన లేకపోలేదు. 2022లో తమిళనాడు ప్రభుత్వము పాక్ అఖాతమున 448 చదరపు కిలోమీటర్లను డూగాంగుల రక్షితప్రాంతముగా ప్రకటించినది. సముద్రపుటావు యనబడు నీ జంతువు వలలోబడగా విడిచిపెట్టిన జాలరులకు బహుమానములును ఇచ్చుచున్నారు. మంచిదే. కాని బహుమానము ఒకనాటిది, వృత్తి జీవితకాలపుది. ఇచ్ఛాపురము మొదలు పులికాటు వరకు గల మన ఆంధ్రతీరమునను తిమింగిలములు, డాల్ఫిన్లు అప్పుడప్పుడు కొట్టుకొనివచ్చుచునే యున్నవి. జనము గుమిగూడుదురు, ఫొటోలు తీయుదురు, తుదకు గోయి త్రవ్వుదురు.

మేము కోరునది గొప్పకోరిక గాదు. తీరపు ప్రతి పెద్దపల్లెలో నలుగురు జాలరులకు శిక్షణమిచ్చి నెలవేతన మేర్పరుపవలెను. జంతువును విడిపించుటకై కోసిన వలకు వెల చెల్లింపవలెను. ఆ పనిలో ప్రాణము పోయినచో కుటుంబము వీధిని బడకుండ భీమా యుండవలెను. పశువైద్యకళాశాలలలో సముద్రజంతువుల చికిత్స నేర్పి, నేర్చినవారికి కొలువు చూపవలెను. చట్టములో తిమింగిలమునకు రక్షణ వ్రాసితిమి. రక్షించువానికి మాత్రము రక్షణ వ్రాయమైతిమి.

దయకు జీతమా యని యడుగువారికి మా ప్రత్యుత్తర మిది. దయకు జీతము లేదు, ఉండరాదు. కాని దయగలవానికి ఆకలి యున్నది, ఆలుబిడ్డలున్నారు. వానిని పస్తుంచి పుణ్యము గట్టుకొనుట ధర్మము గాదు.